శిశుపోషణము: పసిపాపల పడక



ఈ మాసమున నిడదవోలులో మా వీథియందు రెండు బారసాలలు జరిగినవి. రెండు పేరంటములకును పోయితిమి. రెండిండ్లను ఉయ్యాలను ముచ్చటగా నలంకరించిరి. మెత్తని పరుపు, తలక్రింద ఆవాల దిండు, ఇరుప్రక్కల బాలీసులు, పైన శాలువ, కాళ్లకడ గుడ్డ యేనుగుబొమ్మ! వాని నడుమ బిడ్డ మొగము కొంచెమే కనబడుచుండెను. ముత్తైదువలు జోల పాడుచుండ మాకు మాత్రము మనస్సు కుదుటబడలేదు. ఏల కుదుటబడలేదో చెప్పెదము.

పండ్రెండేండ్ల క్రిందట మా రెండవ బిడ్డకు మూడవ నెల. పుష్యమాసపు చలి. నులకమంచముపై బిడ్డను ప్రక్కలో వేసికొని బొంత కప్పుకొని నిద్రించితిమి. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూతుము గదా, నులక వ్రేలబడిన పల్లములోనికి బిడ్డ దొరలి మా ప్రక్కన నదుముకొని యున్నది. బొంత మొగముమీదికి వచ్చినది. ఒడలెల్ల చెమట. పెదవులు నీలి వారుచున్నవి. ఏడ్పు లేదు. గబాలున ఎత్తుకొనగా కొంతసేపటికి కేరుమన్నది. ఆ కేక వినిన తరువాతగాని మాకు ప్రాణము లేచి రాలేదు. ఇంకొక పావుగంట నిద్రించియుండిన నేమగునో తలచుటకు నేటికిని భయమగును.

వెంటనే బిడ్డను వైద్యురాలికడకు కొనిపోయితిమి. ఆమె పరీక్షించి, “అమ్మా, పసిబిడ్డకు మెత్తదనమే శత్రువు” అనిరి. ఆ వయస్సున మెడకు బలము చాలదు. ముక్కు దిండులో దూరినను, మొగముపై గుడ్డ పడినను బిడ్డ తొలగించుకొనలేదు. తాను విడిచిన గాలినే మరల పీల్చుచు చప్పుడు లేకయే సొమ్మసిల్లును. ప్రక్కనున్న తల్లికైనను తెలియదు. ఒకటి మొదలు నాలుగు మాసముల వరకు ఈ భయము మిక్కుటము. నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయమున మరింత జాగరూకత వలయును.

బిడ్డను ఎల్లప్పుడును వెల్లకిలనే నిద్రపుచ్చవలెను. కక్కిన పాలు ఊపిరిగొట్టములో పడునేమోయని పెద్దలు జంకుదురు. వెల్లకిల నున్నపుడు ఊపిరిగొట్టము పైనను, ఆహారము పోవు గొట్టము క్రిందను ఉండును. కావున పైకి వచ్చిన పాలు క్రిందికే జారును. బోర్ల వేసినచో ఈ క్రమము తలక్రిందగును.

పాశ్చాత్య దేశములందు ఇరువదవ శతాబ్దపు నడుమ వైద్యగ్రంథములే బిడ్డలను బోర్ల పరుండబెట్టుడని బోధించినవి. ఆ తప్పు తెలియునప్పటికి వేలకొలది శిశువులు నిద్రలోనే గతించిరి. 1992లో అమెరికా శిశువైద్యుల సంఘము ఆ పద్ధతి మానుడని చెప్పెను. 1994లో దేశమంతట ప్రచారము మొదలయ్యెను. అటుపిమ్మట ఆకస్మిక శిశుమరణములు సగమునకు పైగా తగ్గినవి. మన చిత్రములందలి వటపత్రశాయి మొదటినుండియు వెల్లకిలనే యున్నాడు. తలక్రింద దిండు లేదు, పైన దుప్పటి లేదు! కావున పాతదని విడువనక్కరలేదు, క్రొత్తదని నమ్మనక్కరలేదు, పరీక్షింపవలెను.

పడక గట్టిగను చదునుగను ఉండవలెను. అడుగు చదునైన కొయ్యతొట్టెలో బిగువైన పలుచని పరుపు చాలును. పాతచీర ఉయ్యాలలో బిడ్డ వీపు విల్లువలె వంగి, గడ్డము రొమ్మున కాని, ఊపిరిదారి ఇరుకగును. ఏడ్పు మాన్పుటకు కాసేపు ఊపినను, కన్ను మూయగనే చదును పడకకు మార్చుడు. వ్రేలాడు చీరతో పెద్దపిల్లలను ఆడుకొననీయకుడు, మెడకు చుట్టుకొనును.

ఆరు మాసములైనను బిడ్డ తల్లి గదిలోనే, చేతికందు దూరమున, వేరు పడకపై నుండవలెను. రాత్రివేళ పాలిచ్చుట సులభము. చనుబాలును ఈ యాపదకు కొంత రక్షయే. పడకకుర్చీలో పాలిచ్చుచు కునుకుట మంచముకన్నను అపాయము. దుప్పటికి బదులు ఒంటికి తగిన చొక్కా వేయుడు. ఇంటిలో నిద్రించు బిడ్డకు టోపీ యక్కరలేదు. మెడ వెనుక చెమట పట్టెనేని బట్టలు తగ్గింపుడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, సాంబ్రాణి పొగ, మగవారి చుట్టపొగ, ఈ మూడును వలదు.

ఏడాది నిండువరకు దిండు వలదు. తల గుండ్రమగుటకు ఆవాల దిండు కావలెనందురు. మెలకువలో నున్నపుడు, మన కన్నులయెదుట, కొంతసేపు బోర్ల వేసి యాడించినచో తల యొకే ప్రక్క నొత్తుకొనదు, మెడయు బలపడును. బోర్లపడుటకు యత్నింపగనే చేతులు కలిపి గుడ్డ చుట్టుట మానుడు. బోర్లపడిన నాడు బొబ్బట్లు పంచుకొందము గాక! రెండువైపులను తనంతట దొరలనేర్చిన బిడ్డ నిద్రలో బోర్లపడినను మరల త్రిప్పనక్కరలేదు. పరుండబెట్టుట మాత్రము వెల్లకిలనే.

ఇక పెద్దలకు చెప్పుటెట్లు? మూడవ కాన్పునకు మా యత్తగారు తమ చేతులార ఆవాల దిండు కుట్టిరి. మేము వాదింపలేదు. ఆ పుష్యమాసపు తెల్లవారుజామున జరిగినది మరల జ్ఞప్తికి తెచ్చితిమి. ఆమె మాటాడలేదు. మరునాడు ఉయ్యాలలో దిండు లేదు. అది నేటికిని సంక్రాంతి బొమ్మలకొలువులో రాజు బొమ్మ తలక్రింద నున్నది.

బారసాలనాడు ఉయ్యాలను అలంకరింపకుడని మేమనము. పేరంటాండ్రు వెడలిన వెంటనే అన్నియు తీసివేసి, బిడ్డను బోసిపడకపై పరుండబెట్టుడు. ఆ రెండిండ్ల బాలింతలకును వాయనము పుచ్చుకొనునపుడు మేము చెవిలో చెప్పివచ్చిన దింతియే.