తాబో మట్టిగోడలు

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సుమారు 3,280 మీటర్ల ఎత్తున తాబో బౌద్ధవిహారమున్నది. శీతకాలంలో కుంజుమ్ కనుమ మూతపడినప్పుడు, సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వచ్చే దారే యాత్రికునికి శరణ్యం.

క్రీ.శ. 996లో వెలసిన ఈ విహారంలో గోడలే కాదు, విగ్రహాలు సైతం మట్టివే. వెలుపలినుంచి చూచినవారికి మట్టిదిబ్బల వరుసగా తోచును. లోపలి చీకటికి కన్ను అలవాటుపడిన పిదప, కాశ్మీర శైలి ఛాయలు గల చిత్రాలు గోడలనిండా ఒక్కొక్కటే ప్రత్యక్షమవుతాయి. ‘హిమాలయాల అజంతా’ అన్న బిరుదు పాతదేగాని అతిశయోక్తి కాదు.

ఆ మట్టి వెయ్యేళ్లు నిలిచినది వాన లేనందువల్లనే. ఋతుపవన మేఘాలను దక్షిణాది పర్వతశ్రేణులే అడ్డగిస్తాయి. 1975 జనవరి భూకంపంలో ప్రధానాలయం దెబ్బతిన్నా కూలిపోలేదు. కాని ఇటీవలి సంవత్సరాలలో ఎరుగని వానలు కురిసి మట్టికప్పులు తడుస్తున్నవి. ఆ నీరు చిత్రాలమీదికి జారుతున్నది.