కామా ఖరీదు 50 లక్షల డాలర్లు!

ఇంగ్లిష్‌లో నాలుగు వస్తువుల పేర్లు వరసగా రాస్తే, చివరిదానికి ముందు 'అండ్' అనో 'ఆర్' అనో పెడతారు. దానికి ముందు కామా ఉండాలా, వద్దా? అక్కర్లేదని బళ్లో మాస్టార్లు చెబుతారు. చాలా పత్రికలదీ అదే పద్ధతి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మాత్రం పెట్టాలంటుంది. అందుకే దానికి 'ఆక్స్‌ఫర్డ్ కామా' అని పేరు. ఇంత చిన్న గీతకు అంత రాద్ధాంతమా అంటే, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాల డెయిరీ డ్రైవర్ల కథ వినాలి.

అక్కడ వారానికి 40 గంటలు దాటితే, ఆపై గంటలకు ఒకటిన్నర రెట్లు జీతమివ్వాలి. త్వరగా పాడయ్యే ఆహారానికి సంబంధించిన కొన్ని పనులకు మాత్రం మినహాయింపు. చట్టంలో ఆ పనుల జాబితా చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉంది. 'ఆర్'కు ముందు కామా లేదు. ప్యాకింగ్ ఒక పని, పంపిణీ ఇంకో పని, రెంటికీ ఓవర్‌టైమ్ లేదంది ఓక్‌హర్‌స్ట్ డెయిరీ. కాదు, రవాణాకైనా పంపిణీకైనా ప్యాకింగ్ చేయడమనే ఒక్క పనే అందులో ఉంది, మేం చేసేది ప్యాకింగ్ కాదుగా అన్నారు డ్రైవర్లు. 2014లో కోర్టుకెక్కారు.

కింది కోర్టులో ఓడిపోయినా, 2017లో అప్పీలు కోర్టు వాళ్ల మాటే విన్నది. ఒక్క కామా లేకపోవడం వల్లే ఈ కేసు వచ్చిందని తీర్పు మొదట్లోనే చెప్పింది. రెండర్థాలు వస్తున్నప్పుడు కార్మికులకు మేలు చేసేదే తీసుకోవాలంది. 2018లో డెయిరీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అప్పటి లెక్కలో 30 కోట్ల రూపాయల పైమాటే! చట్టంలో ఆ జాబితాను సవరించి, కామాల చోట సెమీకోలన్లు పెట్టారు.

తెలుగులో ఈ చిక్కు తక్కువ. 'రవాణాకో పంపిణీకో సర్దడం' అంటే ఒకటే పని. 'రవాణాకు సర్దడమో, పంపిణీ చేయడమో' అంటే రెండు. కామా చేయాల్సిన పని ప్రత్యయాలే చేసేస్తాయి. వాటిని మింగేస్తేనే తంటా. 'ఇల్లు పెద్దమ్మాయికి, చిన్నమ్మాయి, అల్లుడికి సమానంగా' అని వీలునామాలో ఉందనుకోండి. వాటాలు రెండా, మూడా? అడుగుదామంటే అప్పటికి రాసినాయన ఉండడు. 'ముగ్గురికీ తలా మూడో వంతు' అని ఇంకో మాట చేరిస్తే అక్కచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కక్కర్లేదు.