తూనీగ తోకకు దారం కట్టిన చేతులం మనం



పిల్లల వేసవి శిబిరంలో ఒక పూట గాలానికి తూనీగ పిల్ల బొమ్మ కట్టడం నేర్పిద్దామని మేము కొందరం అడిగితే, పోయిన మీటింగులో నవ్వులు వినిపించాయి. "అది దొరల ఆట. తెలుగు సంఘానికి దానితో ఏం పని?" అన్నారు పెద్దలు. మా జవాబు ఇది.

నీలగిరి వాగుల్లోకి ట్రౌట్ చేపను తెచ్చింది దొరలే, కాదనం. అవలాంచిలో వాళ్ళు పెట్టిన ట్రౌట్ పిల్లల కేంద్రం నూరేళ్ళు దాటినది. కానీ ఆ చేప ఆశగా తినే తూనీగ పిల్ల ఇక్కడిదే. మన పిల్లలను అడిగి చూడండి. బడిలో విన్న 'తుంబి' అన్న మాట తెలుసు, తూనీగ అంటే మొహం చూస్తారు. రెక్కలు రాకముందు అది నెలల తరబడి, కొన్ని జాతులు ఏళ్ళ తరబడి, నీటి అడుగున బతుకుతుందని మన పెద్దల్లో మాత్రం ఎందరికి తెలుసు?

బొమ్మ కట్టాలంటే అదంతా తెలియాలి. అది అడుగున తిరిగేది కాబట్టి, పొడుగు కాడ గాలానికి ముందు రాగి తీగ చుట్టి బరువు పెట్టాలి. సీసం వద్దు, నీటికి విషం. పైన పాచి రంగు ఉన్ని, పొట్ట దగ్గర లావుగా. పెద్ద కళ్ళకు రెండు పూసలు, కాళ్ళకు కోడి ఈక. అసలుది వెనక నుంచి నీళ్ళు చిమ్మి ముందుకు దూకుతుంది. అందుకే బొమ్మను నీళ్ళలో వేశాక కొద్దికొద్దిగా గుంజి, ఆపి, మళ్ళీ గుంజాలి.

పోయిన ఏడు అక్షరాల క్లాసు పెట్టాం. మూడో వారానికి బెంచీలు ఖాళీ. తప్పు పిల్లలది కాదు, పలక మీది మాటకు వాళ్ళ చేతిలో పని లేదు. ఇక్కడ "చుట్టు, బిగించు, వదలకు, ముడి వెయ్యి, కత్తిరించు" అంటూ పక్కన కూర్చుంటే చాలు. ముడి పడేసరికి మాట కూడా పడుతుంది.

భయం అక్కర్లేదు. గాలం ముల్లును పట్టకారుతో ముందే నొక్కేస్తాం, మొనకు బెండు గుచ్చుతాం. ఆ రోజు చేపలు పట్టబోం. అది అనుమతి తీసుకుని పెద్దలు చేసుకునే పని.

చిన్నప్పుడు మనమంతా తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసినవాళ్ళమే. దాని బాధ మనకు పట్టలేదు. మన పిల్లలు అదే దారం పట్టుకుని దాన్ని నిదానంగా చూడడం నేర్చుకుంటే తప్పేముంది? ఒక్క పూట ఇవ్వండి. పిల్లలు మళ్ళీ కావాలనకపోతే మేమూ అడగం.