కడలియొడ్డున మేడ

హైదరాబాదు నగరములోని పెద్ద హోటళ్లలో దుబాయి గృహనిర్మాణ సంస్థలవారు ప్రదర్శనలు పెట్టి, సముద్రాభిముఖములైన ఫ్లాటులను అమ్మజూపుట పరిపాటియైనది. బల్లమీద గాజుతో చేసిన బొమ్మ పట్టణమొకటి దీపములతో వెలుగుచుండును. వచ్చినవారికి కాఫీ, ఉపాహారములు లభించును. ప్రశ్న అడుగకముందే జవాబు చెప్పు యువకులు పక్కన నిలిచియుందురు. వారి మాటలన్నిటిలోను రెండు మాటలు మరల మరల వినబడును: మొదటిది ‘పూర్తి హక్కు’, రెండవది ‘పదేండ్ల వీసా’. ఇచ్చటినుండి సొమ్ము పంపి కొనువారును, అచ్చటనే ఉద్యోగములు చేయుచు అద్దెకు బదులు సొంతయిల్లు కోరు మన ప్రవాసులును ఈ రెండు మాటలకే లొంగుచున్నారు. వానిలో సత్యమెంత యున్నదో విచారించుట అవసరమని మేము తలచుచున్నాము.

మొదట న్యాయముగా చెప్పవలసినది చెప్పెదము. ఈ హక్కు కల్పితము కాదు. దుబాయి యువరాజుగా నుండిన షేక్ మహమ్మద్ బిన్ రషీద్ 2002లో విదేశీయులకు గృహస్వామ్యపు తలుపు తెరచెను. 2006 నాటి 7వ శాసనము దానికి చట్టరూపము నొసగెను. ప్రభువు నిర్ణయించిన ప్రాంతములందు విదేశీయుడు కాలపరిమితి లేని యాజమాన్యమునైనను, 99 సంవత్సరములకు మించని అనుభవహక్కునైనను పొందవచ్చును. 2001లో సముద్రగర్భమునుండి ఇసుక తోడి ఖర్జూరవృక్షాకారమున కట్ట మొదలిడిన పామ్ జుమైరా ద్వీపమును, త్రవ్వించిన కాలువయొడ్డున లేచిన దుబాయి మరీనాయు నిట్టి ప్రాంతములే. ఆ గీత దాటి వేరొకచోట విదేశీయునకు పూర్తి హక్కు లేదు. కాబట్టి కొనదలచిన ఫ్లాటు ఏ ప్రాంతమున నున్నదో, ఇచ్చునది యాజమాన్యమో వట్టి అనుభవహక్కో, పత్రము చూచి తెలిసికొనవలెనే గాని బొమ్మ పట్టణమును చూచి కాదు.

అమ్మబడు వానిలో అనేకములు ఇంకను కట్టని ఇండ్లు. పునాది పడకముందే వాయిదాలు మొదలగును. 2008 చివర ప్రపంచ ఆర్థికసంక్షోభము ముంచుకొనిరాగా అచ్చటి ధరలు కొద్దినెలలలో సగమునకు దగ్గరగా దిగజారెను. ఎన్నియో కట్టడములు నడుమ నిలిచిపోయెను. 2009 నవంబరులో, ఆ ద్వీపమును కట్టిన సంస్థకు పైసంస్థయైన దుబాయి వరల్డువారే అప్పులవారిని ఆరు నెలల గడువడిగిరి. డిసెంబరులో అబుదాబి 1,000 కోట్ల డాలర్లిచ్చి ఆదుకొనవలసివచ్చెను. కొనుగోలుదారుల సొమ్మును ప్రత్యేకఖాతాలో నుంచి, కట్టడము సాగినకొలది మాత్రమే నిర్మాతకు విడుదల చేయవలెనను శాసనము 2007లోనే వచ్చియుండెను. అది నేటి కొనుగోలుదారునికి గొప్ప రక్షణయే. కాని తన వాయిదా ఆ ఖాతాకే చేరుచున్నదా, దళారి చేతికి పోవుచున్నదా యని చూచుకొను భారము అతనిదే. శాసనము సొమ్మును కాపాడవచ్చును గాని ధరను కాపాడజాలదు.

చెప్పిన ధరయే ధర కాదు. రిజిస్ట్రేషనుకు నూటికి 4 వంతున 2013నుండి చెల్లింపవలసియున్నది. దళారి రుసుము వేరు. చదరపు అడుగునకింతయని యేటేట చెల్లించు నిర్వహణ ఖర్చు వేరు. ఉప్పుగాలికి ఇనుము తినబడును, గ్రీష్మమున చల్లదనపు యంత్రములు రేయింబవలు తిరుగవలెను. ఏడాదిలో పది నెలలు ఇల్లు మూసియుంచినను ఆ ఖర్చు మూతపడదు.

ఇక మన దేశపు చట్టము. ఇచ్చట నివసించువాడు ఒక ఆర్థిక సంవత్సరములో 2,50,000 డాలర్లకు మించి విదేశములకు పంపరాదు. కుటుంబములోనివారు తమ తమ పరిమితులను కలిపి కొనవచ్చును. ఈ పరిమితికి లొంగక హవాలాదారిని సొమ్ము దాటించువాడు ఇల్లు కొనుటకు ముందే నేరమును కొనుచున్నాడు. విదేశమందలి ఇంటిని ఆదాయపుపన్ను పత్రములో చూపవలెను. చూపనివానికి 2015 నాటి చట్టముక్రింద 10 లక్షల రూపాయల జరిమానా విధింపవచ్చును. కాఫీ ఇచ్చిన యువకులు ఈ సంగతి ఎత్తుదురని మాకు నమ్మకము లేదు. వీలునామా మాటయు వారెత్తరు. మహమ్మదీయేతరుడు వీలునామా లేక మరణించినచో, సగము భార్యకును సగము బిడ్డలకును సమముగా పోవునని 2023 ఫిబ్రవరినుండి అమలులోనున్న అచ్చటి శాసనము చెప్పుచున్నది; ఇంటివద్ద వృద్ధులైన తల్లిదండ్రులు గలవారు దీనిని ముందే యోచింపవలెను.

రెండవ మాట వీసా. 20 లక్షల దిర్హాముల స్థిరాస్తి గలవారికి, అనగా మన నాణెములో నాలుగున్నర కోట్లకు పైబడిన ఆస్తి గలవారికి, పదేండ్ల నివాసానుమతి నిచ్చుచున్నారు. అది పౌరసత్వము కాదు, పౌరసత్వమునకు మెట్టును కాదు. ఇంటికి కాలపరిమితి లేకపోయినను ఇంటివానికి కలదు. పరదేశమున ఆస్తి నిలిచినంతమాత్రమున మనిషికి నిలువనీడ నిలుచునను భరోసా లేదని తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. రంగూనులో ఇండ్లు, అంగళ్లు సంపాదించిన మనవారు 1942లో కాలినడకను కొందరు, 1964లో ఆస్తులు వదలి ఓడలలో కొందరు తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు పేరు నేటికిని ఆ కథకు సాక్షి. దుబాయి బర్మా యగునని మేము చెప్పుట లేదు. అతిథిహక్కు అతిథిహక్కే యని మాత్రము చెప్పుచున్నాము.

కాని మా మనస్సును ఎక్కువగా కలచునది కొనువాని కష్టనష్టములు కావు. అతడు చదువుకొన్నవాడు, సొమ్ముగలవాడు, న్యాయవాదిని పెట్టుకొనగలవాడు. ఆ మేడల గోడలు పెట్టినవారిలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెలనుండి పోయిన మన సోదరులు కలరు. వారట్టివారు అనేకులు నివసించు శిబిరముల ప్రాంతమునకు సోనాపూర్ అని పేరు. బంగారునగరమని దాని అర్థము; ఎవరు పెట్టిన పేరో గాని హాస్యము తెలిసినవారే. జూన్ 15నుండి సెప్టెంబరు 15వరకు మధ్యాహ్నము పన్నెండున్నరనుండి మూడు గంటలవరకు ఎండలో పనిచేయింపరాదను నిబంధన కలదు, సంతోషము. అయినను ఇరువదియేండ్లు తాపీ పట్టిన మేస్త్రీ నివాసానుమతి యజమాని యిచ్చు కొలువుతో ముడిపడియుండును. కొలువు పోయి, గడువులోపల మరియొకటి దొరకకున్నచో దేశము విడువవలసినదే. అతడు కట్టిన గదిలో నిన్న దిగినవానికి పదేండ్లు, కట్టినవానికి కొలువున్నన్నినాళ్లు. ఇద్దరును మన జిల్లాలవారే కావచ్చును.

గల్ఫుదేశములలో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సాయమిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించినది. మెచ్చదగినదే, కాని అది చనిపోయినపిమ్మట అందునది. బ్రదికియున్నవాని మాట కేంద్రప్రభుత్వము ఎత్తవలెను. 2022లో భారతదేశమునకును ఎమిరేటులకును వర్తకపుటొడంబడిక కుదిరెను. నగలకు, బట్టలకు, యంత్రములకు సుంకము లెంతెంత తగ్గవలెనో వివరముగా వ్రాసికొనిరి. అట్టి సంభాషణలకు మరల కూర్చుండునప్పుడు మన ప్రతినిధులు ఈ ప్రశ్న నడుగవలెనని మేము కోరుచున్నాము: 20 లక్షల దిర్హాములకు పది సంవత్సరములు లెక్కగట్టిన ప్రభుత్వమువారు, ఇరువది సంవత్సరముల కూలికి ఎన్ని సంవత్సరములు లెక్కగట్టెదరు?