మిగులు ఎవరిది?

సమాజసేవయే తమ పరమావధి యనియు, ఆ సేవ నిలుచుటకు వలసినంత మాత్రమే లాభము నార్జింతుమనియు ప్రకటించు సంస్థలు నానాటికి పెరుగుచున్నవి. ఇది హర్షింపదగినదే, దాతృత్వము నొక్కదానినే నమ్ముకొన్న సేవ దాత మనసు మారిన నాడు ఆగిపోవును. కాని మిగిలిన సొమ్ము ఎవరికి చెందునను ప్రశ్నకు సూటియైన సమాధానము లేనిచోట సేవ యను మాటను మేము విశ్వసింపజాలము.

1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఉద్యోగ విరమణానంతరము 11 పడకలతో నెలకొల్పిన అరవింద కంటి ఆసుపత్రి, రుసుము చెల్లింపగలవారి వలన వచ్చిన మిగులుతో చెల్లింపలేనివారికి శుక్లములు తొలగించుచు మహావృక్షమైనది. కంటిలో అమర్చు కటకములు విదేశములనుండి వచ్చుచు పేదల కందకపోగా, 1992లో ఆరోల్యాబ్‌ను స్థాపించి వానిని చౌకగా తయారుచేయించినది. అచట మిగులు పుష్కలముగా కలదు. దానిని పంచుకొనిపోవు వాటాదారుడు లేడు.

మన సూక్ష్మఋణముల కథ వేరు. స్వచ్ఛంద సేవగా పుట్టిన ఎస్.కె.ఎస్. అను సూక్ష్మఋణ సంస్థ 2005లో లాభార్జన సంస్థగా మారి, 2010 ఆగస్టులో స్టాకు మార్కెట్టు కెక్కినది. ఈ రంగమున మదుపరికి ఏటేట వృద్ధి కావలెను. వృద్ధికి క్రొత్త అప్పులు కావలెను. అందుచే ఒక సంస్థకు బాకీపడిన స్త్రీకే మరి రెండు మూడు సంస్థలు అప్పిచ్చినవి. ఆమె వారపు కిస్తీ తప్పినచో, ఆ అప్పునకు హామీ యున్న తోటి బృందసభ్యురాండ్రే గుమ్మము ముందు నిలువవలసివచ్చెను. ఇరుగుపొరుగుల చెలిమినే వసూలు సాధనము చేసిన ఈ పద్ధతికంటె క్రూరమైనది మరొకటి యుండునా? అవమానముతో ప్రాణములు తీసికొన్నవారి వార్తలు పల్లెలనుండి రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, నెలవాయిదాలే యుండవలెననియు, వసూలు పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగ స్థలముననే జరుగవలెననియు శాసించెను. పిదప వసూళ్లు కుప్పకూలినవి, పేదలకు అప్పు పుట్టుటయు కష్టమైనది.

2011లో రిజర్వు బ్యాంకు సూక్ష్మఋణముల వడ్డీకి 26 శాతము పరిమితి విధించెను. 2022లో దానిని తొలగించి, రేటు నిర్ణయమును సంస్థల పాలకవర్గములకే విడిచిపెట్టెను. ఆ బ్యాంకు పెట్టిన, కుటుంబాదాయమున సగమునకు మించి వాయిదాలు ఉండరాదను నియమము మంచిదే యైనను, అది చాలదు. సేవాసంస్థ యనిపించుకొనగోరు ప్రతి ఋణసంస్థయు తన లాభమునకు హద్దును నిబంధనావళిలోనే వ్రాసికొని, అప్పు తీసికొన్న స్త్రీలకు పాలకవర్గమున స్థాన మీయవలెను. అందుల కంగీకరింపని సంస్థ వ్యాపారము చేసికొనవచ్చును. సేవ యను పేరు వాడుకొనుటకు మాత్రము ప్రభుత్వము దానిని అనుమతింపరాదు.