పదిహేను శాతం ఎవరి లెక్క? విశాఖ డేటా సెంటర్లు, బదిలీ ధరలు, మన వాటా

2026 ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చదివిన కేంద్ర బడ్జెట్‌లో డేటా సెంటర్ల గురించి రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. మన దేశంలోని డేటా సెంటర్ సేవలను వాడుకుని ప్రపంచమంతటా క్లౌడ్ సేవలు అమ్మే విదేశీ కంపెనీకి 2047 వరకు పన్ను మినహాయింపు ఇస్తామన్నది మొదటిది. ఆ డేటా సెంటర్‌ను నడిపే ఇక్కడి కంపెనీ కూడా అదే గ్రూపుదైతే, ఖర్చు మీద 15 శాతం లాభం చూపిస్తే చాలు, ఆ లెక్కను అలాగే ఒప్పుకుంటామన్నది రెండోది. మొదటి దాని మీద కొంత చర్చ జరిగింది. రెండోది ఆడిటర్ల విషయంగా మిగిలిపోయింది. విశాఖ ప్రజలకు, అందులోనూ భూమి పోగొట్టుకునే దళితులకు, ఆ రెండోదే ఎక్కువ ముఖ్యమని మేం అనుకుంటున్నాం. ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తాం.

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ కోసం 2026 నుంచి 2030 వరకు 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. అంతకుముందే రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు రైడెన్ ఇన్ఫోటెక్ పేరుతో వచ్చిన 87,520 కోట్ల రూపాయల ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వార్తల్లోకి వచ్చాయి. భూమి, కరెంటు, నీరు, జీఎస్టీ విషయాల్లో రాష్ట్రం రాయితీలు ప్రకటించింది. ఉద్యోగాలు ఎన్ని, నీళ్లు ఎన్ని అన్న ప్రశ్నలు వేస్తున్నాం. వేయాలి కూడా. ఇక్కడ పుట్టే లాభంలో ఇక్కడ మిగిలేది ఎంత అన్న ప్రశ్న మాత్రం ఇంకా మన కరపత్రాల్లోకి రాలేదు.

ఒకే చొక్కాకు రెండు జేబులు

ఒక బహుళజాతి కంపెనీకి విశాఖలో ఒక అనుబంధ కంపెనీ, పన్ను తక్కువ ఉన్న మరో దేశంలో ఇంకో అనుబంధ కంపెనీ ఉన్నాయనుకుందాం. విశాఖ కంపెనీ రెండోదానికి సేవలు అందించి బిల్లు వేస్తుంది. ఆ బిల్లు మీద ధర ఎంత రాయాలన్నది బజారు తేల్చదు, యజమాని తేలుస్తాడు. కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చుకునే డబ్బు అది. బిల్లు తక్కువ వేస్తే విశాఖలో లాభం తగ్గుతుంది, అక్కడ పెరుగుతుంది. గ్రూపు మొత్తం లాభం మారదు. మారేది పన్ను ఒక్కటే. ఈ అంతర్గత ధర నిర్ణయాన్నే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అంటారు. మనం బదిలీ ధర అనుకోవచ్చు.

దీన్ని అదుపు చేయడానికి 2001 ఫైనాన్స్ చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలో 92 నుంచి 92ఎఫ్ వరకు సెక్షన్లను ప్రస్తుత రూపంలోకి తెచ్చారు. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం వచ్చినా సూత్రం అదే. ఆ సూత్రం పేరు ఆర్మ్స్ లెంగ్త్ ధర. ఇదే పని ఏ బంధుత్వమూ లేని రెండు కంపెనీల మధ్య జరిగి ఉంటే ఎంత ధర కుదిరేదో, సొంత కంపెనీల మధ్య కూడా అంతే ధర ఉన్నట్టు లెక్క కట్టాలి. సూటిగా చెప్పాలంటే, అన్నదమ్ముల బేరాన్ని పరాయివాళ్ల బేరంతో పోల్చి చూడాలి.

పోలిక కోసమే పోట్లాట

చిక్కంతా ఎవరితో పోల్చాలన్న దగ్గరే వస్తుంది. ఐటీ సేవల కేసుల్లో ఎక్కువగా వాడే పద్ధతిలో కంపెనీ నిర్వహణ ఖర్చు మీద ఎంత శాతం లాభం వచ్చిందో చూస్తారు. అలాంటి పనే చేసే స్వతంత్ర కంపెనీలను డేటాబేస్‌ల నుంచి ఏరి, వాటి లాభ శాతాలను వరసగా పేరుస్తారు. పోల్చదగిన కంపెనీలు ఆరుగానీ అంతకుమించిగానీ ఉంటే ఆ వరసలో 35వ పర్సెంటైల్ నుంచి 65వ పర్సెంటైల్ మధ్య ఉన్న ధరను ఒప్పుకుంటారు. ఆ పరిధిలో లేకపోతే మధ్య విలువ దగ్గరికి తెచ్చి పన్ను వేస్తారు.

అందుకే జాబితాలో ఎవరుండాలన్నదే కోట్ల రూపాయల తగాదా అవుతుంది. అధికారి ఎక్కువ లాభాలున్న కంపెనీలను చేరుస్తాడు, కంపెనీ వాటిని తీసేయమంటుంది. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీని ఇన్ఫోసిస్‌తో పోల్చడం కుదరదని 2013లో అగ్నిటీ కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. లాభం ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో ఒక కంపెనీని జాబితాలోంచి తీసేయకూడదని 2015లో క్రిస్‌క్యాపిటల్ కేసులో అదే కోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ తేల్చిన పోలికల్లో సాధారణంగా తాము తల దూర్చమని 2018లో సాఫ్ట్‌బ్రాండ్స్ కేసులో కర్ణాటక హైకోర్టు అంటే, అలా గిరి గీయడం కుదరదని, చట్టం చెప్పిన పద్ధతిలో పోలిక జరిగిందో లేదో హైకోర్టులు చూడవచ్చని 2023 ఏప్రిల్ 19న శాప్ ల్యాబ్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అధికారి, వివాద పరిష్కార ప్యానెల్, ట్రిబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి ఏళ్లు గడుస్తాయి. కంపెనీకి స్థిమితం ఉండదు, ఖజానాకు డబ్బు రాదు. తగాదా తగ్గించడానికి ప్రభుత్వం 2012లో ముందస్తు ధర ఒప్పందాలను, 2013లో సేఫ్ హార్బర్ నిబంధనలను తెచ్చింది. సేఫ్ హార్బర్ అంటే ప్రభుత్వం ముందే ఒక శాతం ప్రకటిస్తుంది. అంత లాభం చూపించిన కంపెనీని పోలికల జోలికి లాగదు.

ఆ శాతం నడిచిన దారి చూడండి. సాఫ్ట్‌వేర్ సేవలకు 2013లో 20 నుంచి 22 శాతం. 2017లో 17 నుంచి 18 శాతం. 2026 బడ్జెట్‌లో ఐటీ సేవలన్నిటికీ కలిపి 15.5 శాతం, అదీ 2,000 కోట్ల రూపాయల లావాదేవీల వరకు. ఇప్పుడు డేటా సెంటర్లకు 15 శాతం. పైగా ఇది ఒకవైపే తెరుచుకునే తలుపు. నిజమైన పోలికలో 15 కంటే ఎక్కువ వస్తుందని భయపడే కంపెనీ సేఫ్ హార్బర్ కోరుకుంటుంది. తక్కువ వస్తుందనుకునే కంపెనీ మామూలు దారిలో పోతుంది. ఎంచుకునే హక్కు కంపెనీది, తగ్గే ఆదాయం ప్రజలది.

యారాడ నుంచి చూస్తే

చట్టం తానే ఒక శాతం అనుకుని పన్ను వేయడం విశాఖ తీరానికి కొత్త కాదు. యారాడ కొండకు ఒకవైపు డాల్ఫిన్ నోస్ కింద విశాఖ పోర్టు, మరోవైపు గంగవరం పోర్టు, దాని వెనక ఉక్కు కర్మాగారం. ఇక్కడ సరుకు ఎక్కించుకుని వెళ్లే విదేశీ ఓడ యజమానికి లాభం ఎంత వచ్చిందని పన్ను శాఖ ఆరా తీయదు. కిరాయిలో 7.5 శాతం లాభమని చట్టమే లెక్క కడుతుంది. పన్ను ఒప్పందాల వల్ల చాలా దేశాల ఓడలకు అదీ తప్పుతుంది. అయినా ఓడ కంటికి కనబడుతుంది. ఎన్ని టన్నులు పోయాయో పోర్టు లెక్క రాస్తుంది. సముద్రం అడుగున కేబుల్‌లో పోయే దానికి టన్నులు లేవు. దానికి మిగిలేది రెండు జేబుల మధ్య రాసుకున్న బిల్లు ఒక్కటే.

ఆ బిల్లును లెక్కలో పెట్టి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. విశాఖ కంపెనీ ఒక ఏడాదికి 100 కోట్లు ఖర్చు పెట్టింది. 15 శాతం కలిపి 115 కోట్లకు బిల్లు వేసింది. లాభం 15 కోట్లు. 22 శాతం పన్ను ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపితే 25.17 శాతం పడుతుంది. అంటే దాదాపు 3.78 కోట్లు. సర్‌చార్జి, సెస్సు రాష్ట్రాలతో పంచుకోరు కాబట్టి పంపకానికి వచ్చేది 3.30 కోట్లు. అందులో 41 శాతం, అంటే సుమారు 1.35 కోట్లు, అన్ని రాష్ట్రాలకూ కలిపి. ఆంధ్రప్రదేశ్ వాటా నాలుగు శాతం చొప్పున చూసినా చేతికొచ్చేది 5.4 లక్షలు. 100 కోట్ల ఖర్చుకు 5 లక్షల 40 వేలు!

ఇప్పుడు రాయితీని కలుపుదాం. రాష్ట్రం కరెంటులోనో భూమిలోనో ఏడాదికి 20 కోట్ల మేర భారం దించిందనుకోండి. దాన్ని ఖర్చులోంచి తీసేసి లెక్కిస్తే ఖర్చు 80 కోట్లు. 15 శాతం కలిపితే బిల్లు 92 కోట్లు. లాభం 15 కోట్ల నుంచి 12 కోట్లకు పడిపోయింది. విదేశీ కంపెనీ కట్టే బిల్లు 23 కోట్లు తగ్గింది. రాష్ట్రం ఇచ్చిన 20 కోట్లూ, వాటి మీద రావాల్సిన 3 కోట్ల లాభమూ సముద్రం దాటాయి. మనం ఇచ్చిన రాయితీ మనకొచ్చే పన్నునే తగ్గించింది. ఖర్చు మీద శాతం పద్ధతిలో ఉన్న లోగుట్టు ఇదే.

చౌక భూమి, చౌక శ్రమ వల్ల వచ్చే ఈ మిగులు మీద తన వాటాను భారత ప్రభుత్వం అంతర్జాతీయ వేదికల మీద అడుగుతూనే వచ్చింది. ఐక్యరాజ్యసమితి బదిలీ ధరల మాన్యువల్‌లో భారత్ రాసిన అధ్యాయంలో ఈ వాదన ఉంది. బయట అలా వాదించి ఇంట్లో అందరికీ ఒకటే శాతం ప్రకటించడం ఆ వాదనను వదులుకోవడమే.

మన భూమికి పోలిక ఏది?

భూసేకరణలోనూ ధర తేల్చేది పోలికే. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లను తీసుకుని, వాటిలో ఎక్కువ ధర ఉన్న సగం సగటును చూస్తారు. స్టాంపుల చట్టం కింద ఉన్న విలువ అంతకంటే ఎక్కువైతే దాన్ని తీసుకుంటారు. అంటే రైతుకూ ఒక ఆర్మ్స్ లెంగ్త్ ధర ఉంది.

అయితే అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆ నిషేధం దళితుల భూమి పెత్తందార్ల చేతిలో పడకుండా కాపాడటానికి వచ్చింది. సేకరణ వేళ మాత్రం దాన్నే దళితుల మీద వాడారు. అమ్మే హక్కు లేదు కాబట్టి మార్కెట్ ధర లేదన్నారు, ఎక్స్‌గ్రేషియా అన్న పేరుతో దయాధర్మంగా చేతిలో పెట్టారు. పట్టా రైతుతో సమానంగా అసైన్డ్ రైతుకూ మార్కెట్ విలువ ఇవ్వాలని మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సి వచ్చింది. తర్లువాడలో డి-పట్టా రైతులు అడుగుతున్న ప్రశ్నల వెనక ఈ చరిత్ర ఉంది. ఉక్కు కర్మాగారం కోసం 64 గ్రామాలు కదిలిన ప్రాంతం ఇది. ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం దశాబ్దాలు తిరిగిన కుటుంబాలున్న జిల్లా ఇది.

రెండు పోలికలను పక్కపక్కన పెట్టండి. కంపెనీకి పోలిక నచ్చకపోతే సుప్రీంకోర్టు దాకా మెట్లున్నాయి, అవి ఎక్కడం ఇష్టం లేకపోతే సేఫ్ హార్బర్ ఉంది. రైతు మీద మాత్రం, తక్కువ విలువకు రాయించుకున్న పక్కవాళ్ల రిజిస్ట్రేషన్లే పోలికగా వచ్చి పడతాయి. ఆ ధర వద్దంటే అభివృద్ధి నిరోధకుడన్న ముద్ర. భూమి ఇచ్చేవాడికి సేఫ్ హార్బర్ లేదు.

ఇది మన లెక్క కూడా

అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1925లో పుస్తకంగా వచ్చింది. దాని విషయం బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య ఆదాయ పంపకాల పరిణామం. ఖజానా ఎక్కడ నిండుతుంది, ఎక్కడ ఖాళీ అవుతుంది అన్నది ఆయనకు రాజకీయ ప్రశ్న. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమంటుంది. 2020 డిసెంబర్ నిర్ణయం ప్రకారం ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. రాష్ట్రానికి ఆదాయం రాకపోతే నిష్పత్తి కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, బకాయి మాత్రం విద్యార్థి మీద పడుతుంది.

పెట్టుబడి వద్దని మేం అనడం లేదు. రాయితీ తీసుకున్నవాడు లెక్క చూపించాలంటున్నాం. అందుకు నాలుగు డిమాండ్లు.

ఒకటి, సేఫ్ హార్బర్ లాభాన్ని ప్రభుత్వ రాయితీ తీసేయకముందు ఉన్న పూర్తి ఖర్చు మీద లెక్కించాలని నిబంధన రావాలి.

రెండు, పెద్ద బహుళజాతి గ్రూపులు ఏ దేశంలో ఎంత లాభం, ఎంత పన్ను చూపించాయో 2016 ఫైనాన్స్ చట్టం ప్రకారం పన్ను శాఖకు నివేదిక ఇస్తున్నాయి. మన దగ్గర అది రహస్యం. రాష్ట్రం నుంచి రాయితీ పొందే ప్రతి గ్రూపూ ఆ నివేదికను బయట పెట్టాలన్న షరతు ఒప్పందంలోనే ఉండాలి.

మూడు, ఇచ్చిన రాయితీ ఎంత, తిరిగి వచ్చిన పన్ను ఎంత అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఏటా శాసనసభ ముందు పెట్టాలి.

నాలుగు, అసైన్డ్ భూమికి మేకల పాండు తీర్పు ప్రకారం పట్టా భూమితో సమానమైన ధర కట్టాలి, ఆ ధరకు ఏ రిజిస్ట్రేషన్లను పోలికగా తీసుకున్నారో గ్రామసభలో చదివి వినిపించాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్ బెంచీలు హైదరాబాద్‌లోనూ, విశాఖలోనూ ఉన్నాయి. వాటి తీర్పులు బహిరంగ పత్రాలు, ఎవరైనా చదవొచ్చు. ఏ కంపెనీని ఏ కంపెనీతో పోల్చారో, ఎందుకు వద్దన్నారో వాటిలో పేజీల కొద్దీ ఉంటుంది. లా చదివేవాళ్లు, కామర్స్ చదివేవాళ్లు నలుగురేసి కూర్చుని ఒక్కో తీర్పును తెలుగులో విడమరిచి చెబితే, రేపు ప్రజాభిప్రాయ సేకరణ సభలో తర్లువాడ రైతు నీళ్ల గురించీ, ఉద్యోగాల గురించీ అడిగి ఆగడు. ఆ పదిహేను శాతం ఎవరు, దేనితో పోల్చి తేల్చారో కూడా అడుగుతాడు.