జీతం చెప్పారు, అప్పు సంగతేది?

సంపాదకులకు,

కెమిస్ట్రీ చదివితే ఫార్మాలో ఉద్యోగం ఖాయమన్న మీ వ్యాసం చదివాను. ఉద్యోగం మాట నిజమే. జీడిమెట్ల, బొల్లారం, పరవాడల్లో కెమిస్టులకు పని ఉంది. అయితే మీ లెక్కలో జీతం ఉంది గాని అప్పు లేదు.

మా వైపు బీఎస్సీ వరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆదుకుంటుంది. ఇబ్బందల్లా ఎమ్మెస్సీ దగ్గరే. 2020లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీకి ఆ సాయం తీసేసింది. పత్తి, మిర్చి మీద బతికే ఇళ్లు అప్పుడు ఎంత నలిగాయో దగ్గరుండి చూశాను. ఎమ్మెస్సీ కోసం నాలుగు లక్షలు పది శాతం వడ్డీకి తెస్తే ఐదేళ్లపాటు నెలకు సుమారు 8,500 కట్టాలి. చదివే రోజుల్లోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కుర్రాడి చేతికి నెలకు 20,000 వస్తాయనుకుందాం. గది అద్దె, తిండి పోను ఇంటికేం పంపగలడు?

పైగా మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేరగానే, మందులో ఏ పదార్థం ఎంతుందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు నిలబెట్టి, అందులో పారించే ద్రావకం ‘మొబైల్ ఫేజ్’ కలపమంటారు. ఆ యంత్రాన్ని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడని పిల్లలెందరో!

కెమిస్ట్రీ వద్దనడం లేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొచ్చినా, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఐఐటీకి వెళ్లగలిగినా నిక్షేపంగా చేరమంటాను. ప్రైవేటు పీజీకి అప్పు చేసేముందు మాత్రం, పోయినేడు చదివి వెళ్లినవాళ్లలో ఎవరికెంత జీతం వచ్చిందో కాలేజీని కాగితం మీద రాసిమ్మని అడగండి.

– ఒక పాఠకుడు, వీరులపాడు, ఎన్టీఆర్ జిల్లా